గగనము నుండి గ్రామసభకు

(సూరతులోని కేంద్రప్రభుత్వోద్యోగుల తెలుగు సాంస్కృతిక సంఘ సభలో చదివిన ఉపన్యాసము)



2014వ సంవత్సరము నవంబరు 6వ తేదీ సాయంకాలమున సూరతు విమానాశ్రయము నుండి ఢిల్లీకి బయలుదేరిన ఒక విమానము, నేల విడుచుటకు ముందు వేగమందుకొనుచున్న క్షణమున, రన్‌వేపైకి వచ్చిన గేదెను ఢీకొనెను. చోదకుడు విమానమును నిలిపివేసెను. ప్రయాణికులలో ఎవ్వరికిని ప్రాణాపాయము కలుగలేదు. గేదె మాత్రము మరణించెను. మరునాడు దేశమందలి పత్రికలు ఈ వార్తను కొంత హాస్యముతోను, కొంత ఆగ్రహముతోను ప్రకటించినవి.

ఆ గేదె ఎవరిది? అది ఏ గండి గుండా లోనికి వచ్చినది? అచ్చట ప్రహరీగోడ ఎన్నాళ్ల నుండి అట్లున్నది? విమానాశ్రయము రాకముందు ఆ నేలపై పశువులను మేపుకొన్నవారు ఇప్పుడెక్కడ మేపుకొనుచున్నారు? విమానచోదకునకు ఈ ప్రశ్నలతో నిమిత్తము లేదు. యంత్రమును ఆపి, ప్రయాణికులను క్షేమముగ దింపి, నివేదిక వ్రాసియిచ్చుటతో ఆతని ధర్మము నెరవేరినది. కాని ఈ ప్రశ్నలకు జవాబు చెప్పవలసినవారు వేరొకరు కలరు. మగ్దల్లాలోను, డుమస్‌లోను, ఆ చుట్టుపట్ల పల్లెలలోను వారి యింటి అరుగులపై ప్రతి ఉదయమును నలుగురు మనుష్యులు కూర్చుండియే యుందురు. ఆతడు సర్పంచి కావచ్చును, కార్పొరేటరు కావచ్చును, శాసనసభ్యుడు కావచ్చును. పేరేదైనను ఆతని వృత్తి రాజకీయము.

విమానమును ఆపినవాడు ఒకనాడు ఉద్యోగమునకు రాజీనామా యిచ్చి వచ్చి, ఆ అరుగుమీద కూర్చుండదలచినచో ఏమగును? ఆతడు రాజకీయవేత్త యగునా? అయినచో ఎప్పుడగును? నామినేషను పత్రము దాఖలు చేసిననాడా, గెలిచిననాడా, ప్రమాణస్వీకారము చేసిననాడా? ఈ ఉపన్యాసమునకు విషయము ఇదియే.

వైమానికులు రాజకీయములలోనికి వచ్చుట ఈ దేశమున కొత్త కాదు. ఉత్కళ నాయకుడు బిజూ పట్నాయక్ స్వయముగ విమానములు నడిపినవాడు. 1947 జూలైలో డచ్చివారి కన్నుగప్పి జావాకు పోయి, ఇండొనేషియా నాయకుడగు సుతాన్ షహరీర్‌ను తన విమానమున ఈ దేశమునకు చేర్చినవాడు. 1961లో ఒకసారి, 1990లో మరియొకసారి ముఖ్యమంత్రి యయ్యెను. అయితే ఆయన క్విట్ ఇండియా కాలముననే జైలుకు పోయినవాడు. ఆయనకు విమానము రాజకీయమునకు ఒక సాధనమే గాని, రాజకీయము విమానము దిగిన తరువాత ఎక్కిన మెట్టు కాదు. రాజేశ్వర ప్రసాద్ అను యువకుడు వైమానిక దళమున స్క్వాడ్రన్ లీడరుగా పనిచేసి, 1971 యుద్ధమున పాల్గొని, ఉద్యోగము వదలి 1980లో భరత్‌పూర్ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యెను. ఆతని వృత్తిపేరే ఇంటిపేరయినది. దేశము ఆతనిని రాజేష్ పైలట్ గనే ఎరుగును. ఇంటిపేరుగా వృత్తి స్థిరపడుట తెలుగువారికి వింత గాదు గాని, విమానయానము ఇంటిపేరగుట అదియే మొదలు కావచ్చును.

దీనికి భిన్నముగ, ఈ దేశమున తొలి చోదక అనుమతి పత్రమును 1929లో పొందిన జె.ఆర్.డి. టాటా రాజకీయముల దరికి రానేలేదు. 1932 అక్టోబరు 15న కరాచీలో ఉత్తరముల సంచులతో బయలుదేరి, అహమ్మదాబాదులో దిగి, బొంబాయి చేరిన ఆ చిన్న విమానము ఈ తీరముననే ప్రయాణము చేసినది. టాటాల వంశమునకు మూలస్థానము సూరతుకు ఇరుగుపొరుగననదగిన నవసారి. సాహసము, క్రమశిక్షణ, దేశభక్తి, జనాదరణ ఇవన్నియు ఆయనకుండెను. ఇవి యున్నంతమాత్రమున మనిషి రాజకీయవేత్త కాడని చెప్పుటకు ఆయన జీవితమే తార్కాణము.

వైమానికుని శిక్షణలో ఒక విశేషము గమనింపదగినది. మేఘములో ప్రవేశించినపుడు చోదకునకు దిక్కు తెలియదు. చెవిలోపలి సమతూకపు యంత్రము ఆతనికి అబద్ధము చెప్పును: విమానము ఒరిగియుండగా సమముగ నున్నదనును, సమముగ నుండగా ఒరిగినదనును. ఆ వేళ శరీరము చెప్పుమాట నమ్మినవాడు నేలకూలును. ఎదుటనున్న ముల్లులను, అంకెలను మాత్రమే నమ్మవలెను. అట్లే ప్రతి ప్రయాణమునకు ముందు పట్టిక చేతబట్టుకొని ఒకరు చదువుచుండ మరియొకరు సరిచూతురు. వేయిసార్లు నడిపినవాడైనను ఒక్క అంశము వదలరాదు. రన్‌వేపై మనుష్యులు గాని పశువులు గాని ఉండరాదు. ఇది ఆ వృత్తికి ప్రాణము.

రాజకీయమున ముల్లులు లేవు. మనుష్యుల ముఖములే ముల్లులు. పైగా అధికారము పెరిగిన కొలది ఆ ముఖములు నిజము చెప్పుట మానివేయును. దగ్గరనున్నవారు సమముగనే యున్నదందురు; అప్పటికి విమానము ఒరిగియుండును. వైమానికుని గుణములు రాజకీయమున ఎచట అక్కరకు వచ్చునో, ఎచట ఎదురుతిరుగునో తెలిసికొనుటకు హైదరాబాదు బేగంపేట విమానాశ్రయమున 1982 ఫిబ్రవరిలో జరిగిన ఘట్టమును మించిన ఉదాహరణము తెలుగుదేశమున లేదు.

రాజీవ్ గాంధీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చోదకుడు. రాజకీయములయెడ ఆసక్తి చూపక తన కొలువు తాను చేసికొనుచుండెను. 1980 జూన్ 23న సోదరుడు సంజయ్ తాను నడుపుచున్న చిన్న విమానము కూలి మరణించుటతో, ఆయన ఉద్యోగము వదలి, 1981లో అమేథీ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యెను. ఆ మరుసటి సంవత్సరమే హైదరాబాదు వచ్చెను. అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి టి. అంజయ్య. ఆల్విన్ కర్మాగారమున కార్మికుడుగా బ్రతుకు ప్రారంభించి, కార్మిక నాయకుడై, ఆ పదవి వరకు ఎదిగిన మనిషి. అతిథిని గౌరవించుట అనిన ఆయనకు తెలిసిన పద్ధతి ఒక్కటే: వేలమందిని పిలుచుట, దండలు, డప్పులు, జేజేలు. ఆ జనమంతయు విమానములు నిలుచు ఆవరణలోనికి చొచ్చుకొని వచ్చిరి.

విమానము నుండి దిగిన రాజీవ్‌గాంధీ ఆ దృశ్యము చూచి మండిపడి, ముఖ్యమంత్రిని అందరి యెదుటను మందలించెను. వయస్సున పెద్దవాడు, పదవిలో ఉన్నవాడు అయిన అంజయ్య కన్నీటి పర్యంతమయ్యెనని ఆనాటివారు చెప్పుకొందురు. కొలది దినములకే ముఖ్యమంత్రి మారెను. ఫిబ్రవరి నెల ముగియకముందే భవనం వెంకట్రామ్ ఆ స్థానమునకు వచ్చెను.

ఈ ఘట్టమును రెండు కన్నులతో చూడవచ్చును. చోదకుని కన్నుతో చూచినచో రాజీవ్‌గాంధీ కోపము న్యాయమైనదే. విమానములు తిరుగు చోట డప్పులేమి, జనమేమి? ఎవడైన చక్రముల క్రింద పడినచో బాధ్యులెవరు? ఒక్క సంవత్సరము చోదకుడుగా పనిచేసినవానికైనను ఆ దృశ్యము వెన్నులో చలి పుట్టించును. కాని అచ్చట నున్నవారు ఆ మాటను చోదకుని మాటగా వినలేదు. ఢిల్లీ నుండి వచ్చిన యువకుడొకడు తెలుగువారి ముఖ్యమంత్రిని తెలుగునేలమీద అవమానించెనని విన్నారు. ఆ మార్చి 29న ఎన్.టి. రామారావు తెలుగుదేశము పార్టీని ప్రకటించెను. తెలుగువారి ఆత్మగౌరవము అను మాట ఊరూర మారుమ్రోగెను. 1983 జనవరి ఎన్నికలలో రెండువందలకు పైగా స్థానములు గెలిచి ఆ పార్టీ అధికారమునకు వచ్చెను. ఆ విజయమునకు కారణములు పెక్కులు కలవు. ఒక్క విమానాశ్రయమే కారణమనుట అతిశయోక్తి యగును. అయినను రామారావుగారి ప్రచారమున ఆ ఘట్టము ప్రస్తావనకు రాని ఊరు అరుదు.

భద్రతానియమము సత్యమే, అవమానమును సత్యమే. ఈ రెండు సత్యములును ఒకే క్షణమున ఒకే చోట నిలుచుండగా, రెండవదానిని గూడ చూడగలవాడు రాజకీయవేత్త. అచ్చట మరియొకడైనచో చిరునవ్వుతో దండ వేయించుకొని, జనమును మాటలతోనే ఆవల ద్వారము వైపు నడిపించి, గదిలోనికి పోయి తలుపు వేసిన తరువాత అడుగవలసినదడిగి యుండును. చోదకుడుగా రాజీవ్‌గాంధీ తప్పు చేయలేదు. ఆనాటికి ఆయన ఇంకను చోదకుడుగనే యుండెను, లోక్‌సభ సభ్యత్వము వచ్చి నెలలు గడచినను. ప్రమాణస్వీకారము మనిషిని రాజకీయవేత్తను చేయజాలదని దీనివలన తేలుచున్నది.

ఇట్టి సందర్భమునకు పూర్తిగా ఎదురైన కథ న్యూయార్కు నగరమున కలదు. ఫియొరెల్లొ లా గార్డియా అను పొట్టి మనిషి మొదట ప్రభుత్వోద్యోగి. 1907 మొదలు మూడు సంవత్సరములు ఎల్లిస్ దీవిలో, వలస వచ్చినవారికిని అధికారులకును నడుమ దుబాసీగా పనిచేసెను. పగలు ఉద్యోగము, రాత్రి న్యాయశాస్త్ర పఠనము. ఇటాలియన్, క్రొయేషియన్, యిడ్డిష్ భాషలలో దీనుల గోడు వినుటయే ఆయనకు మొదటి పాఠశాల. 1914లో అమెరికా ప్రతినిధిసభకు పోటీ చేసి ఓడెను. 1916లో గెలిచెను. మరుసటి సంవత్సరము అమెరికా యుద్ధమున ప్రవేశింపగా, సైన్యపు వైమానిక శాఖలో చేరి, ఇటలీ సరిహద్దున బాంబుల విమానములలో ప్రయాణించెను. 1934 మొదలు 1945 వరకు పండ్రెండు సంవత్సరములు న్యూయార్కు మేయరుగా నుండెను.

మేయరైన ఏటనే ఆయన ఒక విమానములో న్యూయార్కుకు టిక్కెట్టు కొనెను. ఆ కాలమున ఆ నగరమునకు పోవు విమానములు ఎదుటి రాష్ట్రమందలి నెవార్కులో దిగుచుండెను. లా గార్డియా దిగనని కూర్చుండెను. టిక్కెట్టుమీద న్యూయార్కని వ్రాసియున్నది, ఇది నెవార్కు, తన్ను న్యూయార్కు చేర్చవలసినదేయని పట్టుపట్టి, చివరకు బ్రూక్లిన్‌లోని విమానస్థలమునకు ఆ విమానమునే పంపించుకొనెను. వెంట విలేఖరులు ఉండనే యుండిరి. 1939లో నగరమునకు సొంత విమానాశ్రయము తెరువబడెను. నేటికిని దానికి ఆయన పేరే. 1945లో వార్తాపత్రికలు పంచువారు సమ్మె చేయగా, పిల్లలు ఆదివారపు బొమ్మలకథలు చదువలేకపోవుదురని, మేయరు రేడియోలో కూర్చుండి ఆ కథలను అభినయించుచు చదివెను.

ఇందులో నాటకీయత లేకపోలేదు. అయితే నాటకీయత అంతయు ఒక నగరపు లోటును అందరి కంట పడునట్లు చేయుటకు వాడబడినది. వైమానికుడు కావున విమానాశ్రయమునకు ఎంత స్థలము కావలెనో ఆయనకు తెలిసియుండవచ్చును. దానిని నగరమునకు తెచ్చి పెట్టుటకు మాత్రము చోదకజ్ఞానము చాలలేదు. ఎల్లిస్ దీవి యావరణమును, 1914 నాటి పరాజయమును కావలసివచ్చినవి.

తెలుగువారిలో ఇట్టి మార్గమున నడచినవారు ఎవరని అడిగినచో, మొదట నోటికి వచ్చు పేరు నలమాద ఉత్తమకుమార్ రెడ్డి. 1962లో జన్మించెను. భారత వైమానిక దళమున యుద్ధవిమానచోదకుడై మిగ్-21, మిగ్-23 విమానములు నడిపెను. తరువాత కొంతకాలము రాష్ట్రపతి భవనమున అధికారిగా పనిచేసెను. అంతటి కొలువు వదలి, 1994లో నల్లగొండ జిల్లా కోదాడ శాసనసభా స్థానమునకు కాంగ్రెసు పక్షమున పోటీ చేసి ఓడిపోయెను.

ఆయన జీవితకథ చెప్పువారు చాలమంది ఆ సంవత్సరమును ఒక్క వాక్యముతో దాటిపోవుదురు. కాని ఈ విషయమునకు కీలకము అందే యున్నది. మిగ్ విమానము నడిపినవాడు, రాష్ట్రపతి భవనమున ఉద్యోగము చేసినవాడు ఒక తాలూకా కేంద్రమున ఓడిపోయినపుడు ఆతనికి రెండు మార్గములుండును. మొదటిది ఎవరును తప్పుపట్టని మార్గము. చదువున్నది, అనుభవమున్నది, పట్టణమున ఉద్యోగము దొరకును. ప్రజలకు విలువ తెలియదని నలుగురిలో చెప్పుకొనవచ్చును. ఉద్యోగములు చేసి రాజకీయములలోనికి వచ్చినవారిలో పెక్కుమంది ఆ దారినే పోయిరి. రెండవది అచ్చటనే నిలుచుట. గెలిచినవాని యింటి ముందట జనముండును; ఓడినవాని యింటికి ఎవరు వత్తురు? గెలిచినవానివలన పని జరుగనివారు మాత్రమే వత్తురు. ఆ పని చేయించుటకు చేత అధికారము లేదు. వట్టి మాటయు, కాలినడకయు, తహసీలుదారు గుమ్మమున వేచియుండు ఓపికయు మాత్రమే యుండును. కోదాడలో ఆయన నిలిచెను. 1999లో గెలిచెను, 2004లో మరల గెలిచెను.

2009లో నియోజకవర్గముల హద్దులు మారినపుడు హుజూర్‌నగర్ కొత్త స్థానముగ ఏర్పడగా అచ్చట నుండి గెలిచెను. 2014లోను, 2018లోను అచ్చటనే గెలిచెను. 2019లో నల్లగొండ నుండి లోక్‌సభకు పోయెను. ఆయన ఖాళీ చేసిన హుజూర్‌నగర్ స్థానమునకు ఆ ఏటి అక్టోబరులో ఉపఎన్నిక జరిగినపుడు ఆయన సతీమణి పద్మావతి పోటీచేసి ఓడిపోయిరి. అంతకు ముందు 2014లో కోదాడ నుండి గెలిచియున్నదియు ఆమెయే, 2018లో అచ్చట ఓడినదియు ఆమెయే, 2023లో మరల గెలిచినదియు ఆమెయే. 2023లోనే ఉత్తమకుమార్ రెడ్డి హుజూర్‌నగర్‌కు తిరిగివచ్చి, గెలిచి, ఆ డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వమున నీటిపారుదల మంత్రి యయ్యెను. భర్త వరుసగ గెలిచిన ఊరు భార్యను ఓడించినది. నాలుగేండ్లకు అదే ఊరు అదే భర్తను గెలిపించినది. ఓటు ఆస్తి వంటిది కాదని, బీరువాలో పెట్టి తాళము వేసికొన వీలులేదని నల్లగొండ రైతు ఇంతకంటె స్పష్టముగ చెప్పజాలడు.

ఆ రైతునకు మిగ్ విమానముతో పనియేమి? కోదాడ, హుజూర్‌నగర్ ప్రాంతములు నాగార్జునసాగరు ఎడమకాలువ క్రిందివి. కాలువ మొదట నున్నవాడు నీరు ఎక్కువ పెట్టుకొనును. చివర నున్నవానికి మడి తడియకముందే నీరు ఆగిపోవును. తూము తలుపు ఎవరు ఎత్తిరి, వంతు ఎవరిది, రాత్రివేళ గండి ఎవరు కొట్టిరి అను వివాదములు ఆ ప్రాంతపు రాజకీయమునకు ఓనమాలు. ముప్పదివేల అడుగుల ఎత్తు నుండి చూచినవానికి ఆ కాలువ ఒక వెండితీగవలె కనబడును, అందముగ నుండును. చివరి భూముల ఎండిన మడి ఆ ఎత్తునుండి కనబడదు. వైమానికుని వద్దకు ఒక రైతు వచ్చి, నీరు రాలేదని చెప్పి, తన తప్పును దాచి, పైవాని తప్పును పెంచి చెప్పినపుడు, ఆ మాటలో ఎంత నిజమో తూచి, కోపపడక, ఇరువురిని కూర్చుండబెట్టగలిగిన నాడు ఆతడు విమానము నిజముగ దిగినవాడగును. ఆ దినము ఏ ధ్రువపత్రమునందును నమోదు కాదు.

ఇక సూరతు మాట. రాజకీయము నేర్వగోరువానికి ఇంతకంటె గొప్ప పాఠశాల అరుదు. 1907 డిసెంబరులో కాంగ్రెసు మితవాదులు, అతివాదులుగ చీలినది ఈ నగరముననే. 1928లో శిస్తు పెంపుదలకు ఎదురుతిరిగి నిలిచిన బారడోలి ఈ జిల్లాలోనిదే. దానిని నడిపిన వల్లభభాయి అప్పటికి పదునొకండు సంవత్సరముల క్రిందట అహమ్మదాబాదు పురపాలక సంఘమున సభ్యుడుగా ప్రవేశించి, మురుగుకాలువలతోను, మంచినీటితోను కుస్తీ పట్టినవాడు. బారిష్టరు సర్దారుగా మారుటకు ఆ మురుగుకాలువల చదువు ఎంత తోడ్పడెనో చరిత్రకారులు చెప్పవలసియున్నది. తెలుగునాట టంగుటూరి ప్రకాశం గూడ రాజమహేంద్రవరపు పురపాలక సంఘాధ్యక్షుడై, పిమ్మట రాష్ట్రమునకు నాయకుడయ్యెను.

1994 సెప్టెంబరులో ఈ నగరమున ప్లేగు భయము వ్యాపించి, లక్షలమంది రైళ్లమీద, బస్సులమీద ఊరు విడిచి పారిపోయిరి. మరుసటి సంవత్సరము మే మాసమున మునిసిపల్ కమిషనరుగా వచ్చినవాడు సూర్యదేవర రామచంద్రరావు. ఆ యింటిపేరు విన్న తెలుగువానికి వేరుగ పరిచయము చేయనక్కరలేదు. పెద్ద అధికారులు చల్లని గదులు విడిచి దినమునకు ఐదేసి గంటలు వీథులలో తిరుగవలెనని ఆయన కట్టడి చేసెను. అక్రమ కట్టడముల తొలగింపును బలవంతుల యిండ్ల నుండియే ప్రారంభించెను. రెండు సంవత్సరములు తిరుగకమునుపే సూరతు దేశమందలి పరిశుభ్ర నగరములలో ఒకటిగ పేరుపొందెను. ముల్లులను నమ్మరాదని, ముఖములను చూడవలెనని ఆయన వైమానిక శిక్షణ లేకయే గ్రహించెను. అయినను ఆయన రాజకీయవేత్త కాడు. బదిలీ ఉత్తరువు వచ్చిననాడు ఆయన వెళ్లిపోయెను, వెళ్లవలసినదే. ఎదుటివారు ఓటు వేయనందున పోయినవాడు కాడు, వేసినందున వచ్చినవాడును కాడు. ఆయన పడగొట్టించిన గోడల సంగతి జనముతో ముచ్చటించుటకు మరుసటి ఎన్నికలలో ఇల్లిల్లు తిరిగినవారు కార్పొరేటర్లు. అధికారి చేసిన మంచికి గూడ జవాబు చెప్పుకొనవలసినవాడు రాజకీయవేత్త. ఈ భారమును ఉద్యోగవర్గము తరచుగ మరచిపోవుచుండును.

మొదట చెప్పిన విమానాశ్రయముననే ఇప్పటికిని ఇట్టి చిక్కు ఒకటి కలదు. రన్‌వే పొడవు 2905 మీటర్లు. కాని వేసు వైపున లేచిన ఎత్తైన మేడలు విమానముల దారికి అడ్డుగా నున్నవని అధికారులు తేల్చిరి. ఆ కారణమున రన్‌వే పొడవంతయు దిగుటకు ఉపయోగపడుటలేదు. వ్యవహారము గుజరాతు హైకోర్టు వరకు పోయినది. 2023 డిసెంబరు 17న కొత్త టెర్మినలు భవనము ప్రారంభమైనది. మేడల చిక్కు దానివలన తీరలేదు. చోదకుని నడిగినచో ఒక్క మాటలో చెప్పును: అడ్డుగ నున్న అంతస్తులు తీసివేయవలెను. లెక్క సరియైనది. కాని ఆ అంతస్తులలో జీవితకాలపు కూడబెట్టు ధారపోసి ఇల్లు కొన్న కుటుంబములు కలవు. వారికి అనుమతి పత్రములు చూపి అమ్మినవారు కలరు. ఆ పత్రములపై సంతకము చేసిన కార్యాలయములు కలవు. ఎవరిది తప్పు, ఎవరు నష్టమును భరింపవలెను, ఎవరిని ముందు పిలిచి మాటాడవలెను అనునవి కొలబద్దతో తేలునవి కావు. వైమానికుడొకడు ఆ వార్డునకు కార్పొరేటరయ్యెననుకొందము. ఉదయము ఆతని యింటికి ఆ మేడలవారు వత్తురు. సాయంకాలము విమానములు కావలెనను వ్యాపారులు వత్తురు. ఇరువురును ఆతని ఓటర్లే. రన్‌వే లెక్క అందరికంటె బాగుగ తెలిసినవాడగుట ఆతనికి అప్పుడు బలమా, బరువా?

సభలోని వారిలో పలువురు ప్రభుత్వోద్యోగులు. 1964 నాటి ప్రవర్తనా నియమములలో ఐదవది వారికి సుపరిచితము. ఉద్యోగి ఏ రాజకీయపక్షమునను సభ్యుడు కారాదు. శాసనసభల ఎన్నికలలోనే గాదు, స్థానిక సంస్థల ఎన్నికలలో గూడ ప్రచారము చేయరాదు, పోటీ చేయరాదు. ఓటు వేయవచ్చును గాని, ఎవరికి వేసినది, ఎవరికి వేయనున్నది సూచనగనైనను తెలుపరాదు. ఇంటిమీదను, వాహనముమీదను ఎన్నికల గుర్తు కనబడరాదు. వైమానిక దళమువాడైనను కొలువు వీడిన తరువాతనే ఊరిలోనికి రావలెను. ఈ నియమమును కొందరు సంకెలయని విసుగుకొందురు. పరిశీలించినచో ఇది ఇరువురిని రక్షించునది. కాగితము తెచ్చిన మనిషి ఏ పక్షమువాడో చూడకుండ కాగితమును చూచుట ఉద్యోగి ధర్మము. కాగితము లేని మనిషిని గూడ చూచుట రాజకీయవేత్త ధర్మము. ఒకే మనిషి ఒకే గదిలో రెండును చేయబూనినచో రెండును చెడును. కొలువు వీడి పోయినవానికి మొదటి చిక్కు గూడ ఇందుననే పుట్టును: ఇరువది సంవత్సరములు కాగితము చూచుట కలవాటుపడిన కన్నులు మనిషివైపు అంత సులభముగ తిరుగవు.

లింబాయత్, ఉధనా ప్రాంతములలో తెలంగాణము నుండి వచ్చి మగ్గములమీద బ్రతుకుచున్న పద్మశాలి కుటుంబములు తరములుగ నున్నవి. ఈ నగరపు ప్రాథమిక విద్యా సమితి గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమమున గూడ పాఠశాలలు నడుపుచున్నది. ఎక్కడి తాపీనది, ఎక్కడి తెలుగు ఓనమాలు! పాఠశాల యొకటి వెలయుటకు అర్జీ వ్రాసినవాడెవడో, ఎవరి గుమ్మము ముందట ఎన్నిమారులు నిలుచుండెనో ఆ పిల్లలకు తెలియదు. అర్జీ వ్రాసినవాడు ఒక్క ఎన్నికలోను నిలువకపోయినను ఆ పనిలో సగము రాజకీయవేత్తయే. మిగిలిన సగమునకు ఓటర్ల జాబితా కావలెను. చట్టప్రకారము మనిషి ఒక్కచోటనే ఓటరుగా నుండవలెను, అదియును సాధారణముగ నివసించుచోట. మగ్గము సూరతులోను, పేరు నల్లగొండ జాబితాలోను ఉన్నవాడు ఇచ్చట కార్పొరేటరునకు అక్కరలేనివాడు. అచ్చట శాసనసభ్యునకు ఐదేండ్లకొకసారి జ్ఞప్తికి వచ్చువాడు. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరతులో ఎక్కినవానిని వరంగల్లులోను, ఖమ్మములోను దింపును. మిగ్ నుండి దిగి కోదాడ చేరినవాడు ఏ ఊరివాడో తేల్చుకొనుటకు 1994 నుండి 1999 వరకు ఐదేండ్లు పట్టెను. ఈ మగ్గపు మనిషి పేరు ఏ జాబితాలో నుండవలెనో ఆతడింకను తేల్చుకొనలేదు. వచ్చు కార్పొరేషను ఎన్నికల నాటికైనను లింబాయత్‌లో ఆ ప్రశ్న అడుగబడవలసియున్నది.